కష్టంలో ఉన్నవాళ్ల చేతికి ఏ బైబిల్? పెద్దక్షరాల ఓవీ నుంచి వాగ్దాన కార్డుల దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటి పెద్దకు డయాలసిస్ మొదలైందన్న కబురు వచ్చినా, వేటకెళ్లిన పడవ ఇంకా ఒడ్డుకు చేరలేదన్న కబురు వచ్చినా, క్రైస్తవ కుటుంబమైతే సంఘస్థులు ముందు ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత ఒక బైబిల్ తెచ్చి తలగడ పక్కన పెడతారు. ప్రార్థన గురించి చెప్పడానికి అయ్యగార్లు, ఫాదర్లు ఉన్నారు. తలగడ పక్కన పెట్టే పుస్తకం ఎలాంటిదై ఉండాలో మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ సమీక్ష దాని గురించే.

సాధారణంగా అందంగా ఉన్నది చూసి కొంటారు. నల్ల జిప్పు కవరు, బంగారు అంచులు, లోపల ఆవగింజంత అక్షరాలు. తీసుకున్న మనిషి రెండు చేతులా కళ్లకద్దుకుని కిటికీ గట్టు మీద పెట్టేస్తాడు. మూడు నెలలు పోయాక చూస్తే జిప్పు లాగిన ఆనవాలే ఉండదు. విశ్వాసం సన్నగిల్లిందేమో అని సంఘంలో దిగులు పడతారు. చాలాసార్లు సన్నగిల్లింది కంటిచూపు. రక్తపోటు, షుగరు, శుక్లాలు ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఆ అక్షరాలు నల్లటి గీతల్లా కనిపిస్తాయి, అంతే.

ఎవరి కష్టం ఎలాంటిదో చూసి పుస్తకం ఎంచుకోవాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో వారం వారం డయాలసిస్ మిషను దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక మళ్లీ మొక్క నాటుకున్నవాళ్లున్నారు. గుజరాత్‌లోని వీరావల్‌కి వేటకు వెళ్లిన కొడుకు ఫోను కోసం చూసే తల్లులున్నారు. మిల్లు గేటుకు తాళం పడి ఇంట్లో కూర్చున్న విజయనగరం కార్మికులున్నారు. చెన్నైలోనో హైదరాబాదులోనో నలుగురితో ఒకే గదిలో ఉంటూ కూడా ఒంటరిగా ఉన్న కుర్రాళ్లున్నారు. వీళ్లందరికీ ఒకే బైబిల్ సరిపోదు.

ముందు అచ్చు పుస్తకం చూద్దాం. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే ఓవీ (ఓల్డ్ వెర్షన్, అంటే పాత) అనువాదం, అట్ట మీద ‘పరిశుద్ధ గ్రంథము’ అని ఉంటుంది. మన సంఘాల్లో బల్ల మీద ఉండేది, అందరి నోళ్లలో నానింది ఇదే. తెలుగు బైబిల్ అనువాదపు తొలి అడుగుల్లో ఒకటి పడింది మన పక్కనే. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. వాళ్లకు ఆనందరాయరు తోడయ్యాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఎన్నోసార్లు దిద్దుబాట్లు జరిగాయి గానీ ఆ గ్రాంథికపు నడక మాత్రం నిలిచింది.

పుస్తకాల కొట్లోనో, గుడి దగ్గర బల్ల మీదో పుస్తకం చేతికి తీసుకున్నాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు తెరవండి. 66 పుస్తకాల బైబిల్ అయితే కీర్తనలు గానీ దాని దగ్గర్లోది గానీ వస్తుంది. 23వ కీర్తన నాలుగో వచనానికి వెళ్లి ‘దుడ్డుకఱ్ఱయు’ అన్న మాట చూడండి. ‘డ్డు’ కింద ఒత్తు, ‘ఱ్ఱ’ కింద ఒత్తు కింది వరుసలోని తలకట్లనీ గుడులనీ తాకుతున్నాయా, మధ్యలో తెల్లని సందు ఉందా? సందు లేకపోతే ఆ ముద్రణ రోగికి పనికిరాదు. తెలుగు లిపికి ఇంగ్లిషులా అక్షరం సైజు ఒక్కటే చూస్తే చాలదు. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య దూరం అంతే ముఖ్యం. అక్షరం కాస్త చిన్నదైనా వరుసలు ఎడంగా ఉన్న పుస్తకం, అక్షరం పెద్దదై వరుసలు ఇరుక్కున్న పుస్తకం కంటే బాగా చదువుకోవచ్చు. ఈ పరీక్ష కొనేవాళ్ల కంటితో కాకుండా చదవబోయేవాళ్ల కళ్లజోడుతో, మూరెడు దూరంలో, ట్యూబులైటు కింద చేస్తే ఇంకా మంచిది. అది కుదరనప్పుడు అవసరం అనుకున్నదాని కంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.

పెద్దక్షరాల సంపూర్ణ బైబిల్‌కి ఒక ఇబ్బంది ఉంది. బరువు. కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. పడుకుని గుండెల మీద పెట్టుకు చదవడం అయ్యే పని కాదు. కూర్చునే మనిషికైతే ఒళ్లో తలగడ వేసి దాని మీద తెరిచి పెట్టాలి. చెక్క పుస్తకపీట ఉంటే మరీ మంచిది, ఏ వడ్రంగి అయినా అరగంటలో చేసిస్తాడు. డయాలసిస్ మనిషికి ఫిస్టులా (సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి కలిపిన రక్తనాళం) వేసిన చేతి మీద ఈ బరువు ఎప్పుడూ ఆనకూడదు. సూదులు లేని రోజున కూడా ఆ చేతి మీద ఒత్తిడి పడకూడదని డాక్టర్లు చెబుతారు, అది పుస్తకానికీ వర్తిస్తుంది.

కుట్టు బైండింగా, జిగురు బైండింగా అన్నది కూడా చూసుకోవాలి. పుస్తకం మధ్య మడతలో దారం కనిపిస్తే కుట్టు. జిగురుదైతే ఒక వేసవి గడిచేసరికి ఎండకు జిగురు పొడిబారి కీర్తనల దగ్గరే రెండు ముక్కలవుతుంది, ఎందుకంటే ఎక్కువగా తెరిచేది అక్కడే. జిప్పు కవరు సముద్రం ఒడ్డు ఊళ్లకు వద్దు. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి చోట ఉప్పుగాలికి లోహపు జిప్పు తుప్పు పడుతుంది, వణికే చేతులకు అది లాగడం కష్టం. మామూలు రెక్సిన్ అట్ట చాలు. యేసు మాటలు ఎర్రక్షరాల్లో ఉన్న ముద్రణ కుర్రవాళ్లకు బాగుంటుంది గానీ, శుక్లాలున్న కంటికి పసుపు బల్బు వెలుతురులో ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పెద్దవాళ్లకు మొత్తం నలుపులో ఉన్నదే ఇవ్వండి. పక్కన అర్ధచంద్రాకారంలో కోసిన సూచికలు మొదట్లో సాయపడతాయి. తర్వాత అక్కడి నుంచే కాగితం చిరుగుతుంది. రెండు మూడు రంగుల రిబ్బను ముక్కలు గుర్తులుగా పెట్టడం దానికంటే మేలు.

బైబిల్ కాగితం పలచన. జెల్ పెన్ను, మెరిసే మార్కరు రెండో వైపుకు దిగిపోతాయి. గీత గీసుకోవాలంటే మెత్తని పెన్సిలు గానీ, పిల్లలు వాడే మైనపు క్రేయాను గానీ వాడాలి. ఇంత చిన్న సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కష్టంలో ఉన్న మనిషి చదివిన చోట గుర్తు పెట్టుకోలేకపోతే మర్నాడు మళ్లీ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే చాలామంది పుస్తకం మూసేస్తారు.

ఇక భాష. ఓవీలో ‘ఆశ’కు ఎక్కువగా వాడిన మాట నిరీక్షణ. బయట తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్టాండులో చూసేదీ నిరీక్షణే. సంఘంలో పుట్టిపెరిగినవాళ్లకు ఇందులో తేడా తెలుస్తుంది. కొత్తగా చదివేవాళ్లకు తెలియదు. ఈ మాట ఎంచుకున్నవాళ్లకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే బైబిల్ చెప్పే ఆశ నిజంగా ఎదురుచూపే: ఇచ్చిన మాట తప్పనివాడి మాట మీద కూర్చుని చూడడం. ‘అంతా మంచే జరుగుతుందిలే’ అన్న ధీమాకు దీనికీ పోలిక లేదు. రోమా పత్రిక, అంటే పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, ఐదో అధ్యాయంలో శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని ఉంటుంది. ఇక్కడ ‘పరీక్ష’ దగ్గర అందరూ తడబడతారు. దేవుడు పెట్టే టెస్టు అనుకుని, ఫెయిలయ్యామేమో అని కుమిలిపోతారు. గ్రీకు మూలంలో ఆ మాటకు పరీక్షకు నిలిచి తేలిన గుణం అని అర్థం, కొలిమిలో పెట్టి తీసిన బంగారానికి ఉండే గుణం. ఎవరికైనా ఈ అధ్యాయం చదివి వినిపించేటప్పుడు ఆ ఒక్క మాట విప్పి చెప్పండి. చాలా భారం దిగుతుంది.

అందుకే పత్రికల వరకు ఓవీ పక్కన ఇంకో అనువాదం ఉంచుకోమంటాను. తెలుగు సమకాలీన అనువాదం, ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్), ఈజీ టు రీడ్ రకం, ఇవి నేటి వాడుకకు దగ్గరగా ఉంటాయి. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి రోమా, ఫిలిప్పీ, యాకోబు పత్రికలు వీటిలోనే ముందు అర్థమవుతాయి. కీర్తనలు మాత్రం ఓవీలోనే. డెబ్బై ఏళ్ల అవ్వకు చదువు రాకపోయినా 23వ కీర్తన ఓవీ మాటల్లోనే కంఠతా వచ్చు. మాట మారిస్తే ఆమెకు అది వేరే ఎవరిదో ప్రార్థనలా వినిపిస్తుంది. కతోలిక కుటుంబమైతే 73 పుస్తకాల కతోలిక ముద్రణే ఇవ్వండి. పూజలో వినే పఠనాలు, చేతిలోని పుస్తకం ఒకే మాటల్లో ఉంటే రోగి గుడికి వెళ్లలేని ఆదివారం కూడా గుడితో పాటు చదువుకోగలడు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర కుటుంబాలకు సవర భాషలో కొత్త నిబంధన ఉంది. అమ్మ భాషలో ఏడ్చే మనిషికి అమ్మ భాషలోనే ఓదార్పు అందాలి.

జేబు కొత్త నిబంధన గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గిడియన్స్ వాళ్లు ఆసుపత్రుల్లో, లాడ్జీల్లో ఉచితంగా ఇచ్చే రకం, వెనకాల కీర్తనలు, సామెతలు కలిపి ఉంటాయి. బరువు లేదు, వలస వెళ్లే కుర్రాడి బ్యాగులో బట్టల మధ్య ఇమిడిపోతుంది, పోతే బాధ లేదు. అక్షరం చిన్నది కాబట్టి నలభై దాటినవాళ్లకు వద్దు. పడవ మీదికైతే దీన్ని రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూతి మడిచి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వండి.

ఆడియోకు మాత్రం చాలా మార్కులు వేస్తాను, ముఖ్యంగా డయాలసిస్ విషయంలో. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఆ కుర్చీలోనో మంచం మీదో కదలకుండా ఉండాలి. ఒక చేతికి రెండు సూదులుంటాయి. ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని పేజీ తిప్పడం కుదరదు. మధ్యలో రక్తపోటు పడితే కళ్లు తిరుగుతాయి, ఆ సమయంలో సన్నని అక్షరం చూస్తే వాంతి వచ్చినట్టుంటుంది. వినడం ఒక్కటే దారి. మార్కు సువార్త 16 అధ్యాయాలు దాదాపు రెండు గంటల్లో అయిపోతాయి. మిగతా రెండు గంటల్లో కాసేపు కీర్తనలు, కాసేపు నిద్ర. మొదటిసారి వినేవాళ్లకు మార్కుతోనే మొదలుపెట్టమంటాను. కథ వేగంగా నడుస్తుంది, రోగులు వరసగా వస్తారు, ఐదో అధ్యాయంలో పన్నెండేళ్లు వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టుకున్న స్త్రీ ఉంది. ఆసుపత్రి ఖర్చు తెలిసిన మనిషికి ఆమె ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

వినేటప్పుడు జాగ్రత్తలు: ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టాలి. రెండో చెవి మిషను అలారానికి, సిస్టరు పిలుపుకు ఖాళీగా ఉండాలి. వైరు రక్తం నడిచే గొట్టాల మీదుగా పోకుండా ఖాళీ చేతి వైపు నుంచి రానివ్వాలి. తల తేలికగా అనిపించినా, కాళ్లు పట్టేసినా అధ్యాయం పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే సిస్టరుకు చెప్పాలి.

స్మార్ట్‌ఫోనులో రెండు యాప్‌లు ఎక్కువ వాడకంలో ఉన్నాయి. యూవర్షన్ వాళ్ల బైబిల్ యాప్‌లో ఓవీ, ఐఆర్‌వీ, సమకాలీన అనువాదం పక్కపక్కన చూసుకోవచ్చు, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, చదివే పాఠాన్ని దించుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు. ఆడియోకు మాత్రం సాధారణంగా నెట్ కావాలి. బైబిల్ డాట్ ఈజ్ యాప్‌లో ఆడియోను దించుకుని దాచుకోవచ్చు, కాబట్టి సిగ్నలు సరిగా అందని ఊళ్లకూ, సముద్రం మీదికి వెళ్లేవాళ్లకూ అదే మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధపు రోజుల్లో ఇంటి దగ్గరున్నప్పుడే దించిపెట్టుకుంటే తర్వాత తడుముకోనక్కర్లేదు. ఉచితమే రెండూ.

ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉండేది కీప్యాడ్ ఫోనే. దానికి మెమరీ కార్డులో ఎంపీ3లు ఎక్కించి ఇస్తారు. ఇక్కడ తొంభై పాళ్లు జరిగే పొరపాటు ఫైళ్ల పేర్లలో ఉంటుంది. కీర్తనలకు 1, 2, 3 అని పేరు పెడితే ఫోను 1 తర్వాత 10, ఆ తర్వాత 100 పాడుతుంది. 001, 002 అంటూ 150 దాకా మూడంకెల్లో పేరు పెట్టాలి. ప్రతి పుస్తకాన్ని విడి ఫోల్డరులో పెట్టి, ఫోల్డరు పేరుకు ముందు కూడా అంకె వేయాలి. చాలా కీప్యాడ్ ఫోన్లు 32 జీబీకి మించిన కార్డు తీసుకోవు, బైబిల్‌కి అంత అక్కర్లేదు కూడా. ఇచ్చే ముందు ఆ ఫోనులోనే వేసి, చదువు రాని మనిషి ఏ బటను నొక్కాలో మూడుసార్లు చేయించి చూడండి. నేపథ్య సంగీతం హోరెత్తే రికార్డింగులు వినికిడి తగ్గినవాళ్లకు వద్దు. మాట ఒక్కటే ఉన్నది వెతికి ఎక్కించండి.

ఇప్పుడు వాగ్దాన కార్డులు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో డబ్బాలోంచి ఒక్కో వాగ్దాన వచనం అచ్చేసిన కార్డు తీసుకుని ఏడాదంతా దాన్ని పట్టుకుని ప్రార్థించడం మన సంఘాల్లో ఎంతో ఇష్టంగా చేసే పని. ఆ ఇష్టాన్ని తక్కువ చేయను. గోడకు అంటించిన ఒక్క వచనం అర్ధరాత్రి ఒక మనిషిని నిలబెట్టగలదు. కానీ కష్టంలో ఉన్నవాళ్లకు ఇచ్చే వస్తువుగా చూస్తే వీటికి నా మార్కులు తక్కువే, కారణం కత్తిరింపు.

యిర్మీయా 29:11 తీసుకోండి. ఎక్కువమంది గోడల మీద ఉండేది అదే, దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావన్న వచనం. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా పంపిన ఉత్తరంలోది. దాని పైనున్న పదో వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చూడరన్నమాట. కార్డు మీద డెబ్బై ఏళ్లు ఉండవు. ఫిబ్రవరికి పరిస్థితి మారకపోతే, మారలేదు కాబట్టి దేవుడు మాట తప్పాడనో, తన విశ్వాసంలో లోపముందనో ఆ మనిషి అనుకుంటాడు. అధ్యాయం మొత్తం చదివితే లెక్క మారుతుంది. ఐదో వచనంలో ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటి వాటి ఫలం తినమని ఉంది. తుపాను పోయిన తోటలో నాటు కొబ్బరి మొక్క పెట్టి కాపు కోసం ఆరేడేళ్లు ఆగే ఉద్దానం రైతుకు ఈ వచనం కంటే దగ్గరి మాట బైబిల్లో ఇంకోటి కనపడదు. ఏడో వచనంలో మీరున్న ఆ పరాయి పట్నం క్షేమం కోసం ప్రార్థించమని ఉంది. చెన్నైలో కూలి చేసే కుర్రాడికి అది ఉపయోగపడుతుంది. కార్డులో ఇవేవీ లేవు.

91వ కీర్తన కార్డులు కూడా అంతే. ఆ కీర్తన నిజం, ప్రాణానికి ప్రాణం. అయితే మత్తయి నాలుగో అధ్యాయంలో శోధకుడు, అంటే సాతాను, యేసును గుడి శిఖరం మీద నిలబెట్టి ఎత్తి చూపిన వచనాలు దాంట్లోవే. ఒక్క వచనాన్ని విడిగా తీసి ‘దూకు’ అనడం ఎంత ప్రమాదమో అక్కడే తెలుస్తుంది. కార్డులు పంచాలనుకునే సంఘాలకు ఒక సవరణ చెబుతాను: కార్డు వెనక ఖాళీగా వదలకుండా ‘ఈ అధ్యాయం మొత్తం చదవండి’ అని రాసి, ఆ మాట ఎవరికి, ఎలాంటి కష్టంలో చెప్పబడిందో ఒక వరుస వేయండి. అచ్చు ఖర్చు పెరగదు.

కార్డుల్లో ఎప్పుడూ కనిపించనివి మొరల కీర్తనలు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే. 88వ కీర్తనలో ఎక్కడా వెలుగు రాదు, ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ముగుస్తుంది. ఇది బైబిల్లో ఎందుకుందని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: భార్యను మట్టిచేసి వచ్చిన రాత్రి ఒక మనిషికి ఇంతకంటే ముందుకు మాట పెగలదు, ఆ రాత్రికీ ప్రార్థన కావాలి. విలాపవాక్యములు ఐదు అధ్యాయాలు. మూడో దాంట్లో, ఇరవై వచనాలు ఏడ్చాక గానీ ‘ఆశ పుట్టుచున్నది’ అన్న మాట రాదు. మొర పెట్టుకోనివ్వకుండా నేరుగా వాగ్దానం చేతిలో పెట్టడం, పుండు కడగకుండా కట్టు కట్టడం లాంటిది.

ఇక్కడే ఇంకొకటి గట్టిగా చెప్పాలి. స్వస్థత వచనాలు చూపించి మందు మానేయమని, డయాలసిస్‌కి వెళ్లొద్దని చెప్పేవాళ్లు ఉంటే వాళ్ల మాట వినకండి. డయాలసిస్ ఆపితే రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది, ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. యెషయా 38లో హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాక కూడా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమనే చెప్పారు. లూకా వైద్యుడు. పౌలు మూడుసార్లు వేడుకున్నా ఒంట్లోని ముల్లు (తన బాధను ఆయన అలా అన్నాడు) పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. నూనె రాసి ప్రార్థించే పెద్దల్ని పిలవండి, డయాలసిస్ రోజున ఆసుపత్రికీ వెళ్లండి. బతకాలని లేదని ఎవరైనా అంటే వచనం వెతకడానికి కూర్చోకుండా పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, టెలీ మానస్ 14416కి ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రాజుల మొదటి గ్రంథం 19లో ఏలీయా బదరీవృక్షం, అంటే రేగుచెట్టు కింద పడి చావు కోరుకున్నప్పుడు దూత ముందు రొట్టె, నీళ్లు పెట్టి నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. మాటలు ఆ తర్వాతే.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని కూడా ఈ లెక్కలో చేర్చాలి. పాట తల మీద రాగం, తాళం వేసి ఉండే ఈ పుస్తకంలో పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఎన్నో ఉన్నాయి. ఆయన 1803లో పుట్టినవాడు. పక్షవాతం వచ్చి మాట తడబడే పెద్దవాళ్లు కూడా చిన్నప్పటి పాట ఎత్తుకుంటే వెంట పలుకుతారు, అందుకే దీన్ని రోగి గదిలో తప్పక ఉంచమంటాను. మూడు చరణాలు చాలు, పక్క మంచంవాళ్లకు ఇబ్బంది లేనంత నెమ్మదిగా.

తుపాను కాలం దగ్గరపడితే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి అటక మీద పెట్టండి. తడిస్తే ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు, పలచని కాగితం ముడుచుకుని అంటుకుపోతుంది. పుస్తకాన్ని నిలబెట్టి నీళ్లు కారిపోనిచ్చి, ఇరవై పేజీలకొకటి చొప్పున తెల్ల కాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను కింద ఉంచి, కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. న్యూస్‌పేపరు పెడితే సిరా అంటుతుంది. రెండు రోజుల్లోపు మొదలుపెట్టకపోతే బూజు పడుతుంది. అంటుకున్న పేజీల్ని తడి మీద లాగొద్దు, పూర్తిగా ఆరాక అట్ట ముక్కతో మెల్లగా విడదీయండి.

చివరగా, పుస్తకం ఇచ్చి వచ్చేయకండి. ఇచ్చిన రోజునే ఒక చోట తెరిచి కలిసి చదవండి. 13వ కీర్తన చాలు, ఆరే వచనాలు, రెండు నిమిషాలు కూడా పట్టదు. మొదటి రెండు వచనాల్లో ‘ఎంతవరకు’ అన్న ప్రశ్న హీబ్రూలో నాలుగుసార్లు వస్తుంది. ఓవీలో అది ఎన్నాళ్లవరకు, ఎంతకాలము, ఎంతవరకు అని రకరకాలుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నల్ని తొందరగా దాటించేయకండి, ఒక్కోదాని తర్వాత కాసేపు ఆగండి. నాలుగో వచనం దాకా మీరు చదివి, ఐదో వచనం కింద పెన్సిలుతో సన్నగా గీత గీసి పుస్తకం వాళ్లవైపు తిప్పండి. “పెదనాన్నా, ఇదొక్కటీ నువ్వు సదువు” అనండి. ఆ వచనం ‘నేనైతే’ అని మొదలవుతుంది. ఆ మాట వాళ్ల నోటితో వాళ్లు పలికేదాకా ఆగండి. ఆ రోజు పలకలేకపోతే గీత అలాగే ఉంటుంది, మర్నాడు మళ్లీ వెళ్లండి.